వేపచెట్టు పక్క డీటీపీ షాపు, నేను కొట్టించిన 24 ఉత్తరాలు

నల్గొండలో కోర్టు ఎదుటి వరుసలో డీటీపీ, జిరాక్స్ షాపులు ఓ అరడజను దాకా ఉంటాయి. అన్నింటి ముందూ ఒకే రకం ఫ్లెక్సీ: అఫిడవిట్, అగ్రిమెంట్, నోటరీ, స్టాంపు పేపర్లు, కలర్ ప్రింట్. నేను చెప్పబోయేది ఆ వరుసలో చివరిదాని గురించి. వేపచెట్టు పక్కన రెండు మెట్లెక్కి లోపలికి వెళ్లాలి. పేరు రాయడం లేదు, ఓనరు వద్దన్నాడు. ఎందుకు వద్దన్నాడో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. వేపచెట్టు గుర్తుపెట్టుకోండి, చాలు.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే ఒక టైపింగ్ షాపు గురించి ఇంత పొడుగున ఎందుకు రాస్తున్నానో అర్థం కాదు. 35 ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సాంఘిక శాస్త్రం చెప్పాను. 2025 ఏప్రిల్ నెలాఖరున రిటైరయ్యాను. రాజ్యాంగం పాఠం వచ్చినప్పుడల్లా రాష్ట్రపతిని ఎలా తొలగిస్తారు, సుప్రీంకోర్టు, హైకోర్టు న్యాయమూర్తులను ఎలా తొలగిస్తారు అని పిల్లలచేత వల్లె వేయించాను. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న అది. చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడిగేవాళ్లు, "ఇప్పటిదాకా ఎంతమందిని తీసేసిన్రు టీచర్?" అని. ఒక్కరిని కూడా తీసెయ్యలేదు అని చెప్పడం నాకు ప్రతి ఏడూ కష్టంగానే ఉండేది.

అందులో ఒక ప్రశ్న మాత్రం ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. 1993 మే 11న లోక్‌సభలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ వి.రామస్వామి మీద పెట్టిన తొలగింపు తీర్మానానికి ఓటింగ్ జరిగింది. అంతకుముందు ఆయన పంజాబ్, హర్యానా హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నప్పుడు అధికార నివాసం కోసం, ఫర్నిచర్ కోసం ప్రజల డబ్బు ఇష్టమొచ్చినట్టు ఖర్చు చేశారన్నది ఆరోపణ. విచారణ కమిటీలో జస్టిస్ పి.బి.సావంత్, జస్టిస్ పి.డి.దేశాయ్‌లతో పాటు మన తెలుగువారు జస్టిస్ ఓ.చిన్నపరెడ్డి ఉన్నారు. 14 అభియోగాల్లో 11 రుజువయ్యాయని ఆ కమిటీ తేల్చింది. న్యాయమూర్తి తరఫున కపిల్ సిబల్ సభలోనే నిలబడి గంటల తరబడి వాదించారు. తర్వాత ఓట్లు లెక్కపెట్టారు.

జూన్‌లో ఆ ఏడాది బడి తెరిచాక తొమ్మిదో తరగతిలో ఆ లెక్క బోర్డు మీద రాశాను. తీర్మానానికి అనుకూలంగా 196. వ్యతిరేకంగా సున్నా. ఓటు వెయ్యకుండా కూర్చున్నవాళ్లు 205. తీర్మానం వీగిపోయింది.

చివరి బెంచీలో ఒక పిల్ల లేచి, "వద్దన్నోళ్లు ఒక్కరు గూడ లేరు గద టీచర్. మరి ఎట్ల ఓడిపోయింది?" అంది.

చెప్పాను. 124వ అధికరణం నాలుగో క్లాజు ప్రకారం రెండు షరతులున్నాయి. సభకు వచ్చి ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. అదొక్కటే చాలదు, సభ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా కూడా ఒప్పుకోవాలి. అంటే 270 పైచిలుకు ఓట్లు కావాలి. మొదటి షరతు నెగ్గింది, రెండోది ఓడింది. రెండు సభల్లోనూ ఒకే సమావేశాల్లో ఇది జరగాలి కాబట్టి అక్కడితో కథ ముగిసింది. పిల్ల తల ఊపి కూర్చుంది గానీ దాని మొహం చూస్తే తెలిసిపోయింది, నేను చెప్పింది లెక్క మాత్రమే అని. కూర్చున్న 205 మంది ఎందుకు కూర్చున్నారో నేను చెప్పలేదు. వాళ్లు అధికార పార్టీ కాంగ్రెస్, దాని మిత్రపక్షాల సభ్యులు. ప్రధాని మన పీవీ నరసింహారావు గారు. ఆయనంటే నాకు ఎంతో గౌరవం, ఇప్పటికీ ఉంది. అందుకే ఆ రోజు తలుచుకుంటే ఎక్కువ బాధ. కమిటీలో ఒక తెలుగు పెద్దమనిషి కూర్చుని, కాగితాలన్నీ చూసి, ఇదీ విషయం అని తేల్చి ఇచ్చాడు. మరో తెలుగు పెద్దమనిషి నడిపిస్తున్న పక్షం అవునని గానీ కాదని గానీ అనలేదు.

అప్పుడే ఎంపీకి ఉత్తరం రాద్దామనుకున్నాను. ప్రభుత్వ ఉద్యోగం, కాండక్ట్ రూల్స్, పైవాళ్లు ఏమంటారోనన్న టెన్షన్. రాయలేదు. ఆ తర్వాత 32 ఏళ్లు రాయలేదు.

2025 మార్చి 14 రాత్రి ఢిల్లీలో హైకోర్టు న్యాయమూర్తి యశ్వంత్ వర్మ అధికార నివాసంలో మంటలు రేగడం, అక్కడ కాలిన నోట్ల కట్టలు కనిపించాయన్న వార్త మీరంతా చూసే ఉంటారు. ఆ డబ్బుతో తనకు సంబంధం లేదని ఆయన అన్నారు. జులై 21న 146 మంది లోక్‌సభ సభ్యులు సంతకాలు చేసి నోటీసు ఇచ్చారు. చట్టం ప్రకారం లోక్‌సభలో 100 మంది, రాజ్యసభలో అయితే 50 మంది సంతకాలు చేస్తే చాలు. ఆగస్టు 12న స్పీకర్ ఓం బిర్లా ముగ్గురితో విచారణ కమిటీ వేశారు. ఆ వార్త చదివిన సాయంత్రమే నా పాత ట్రంకుపెట్టెలో 1993 నాటి పేపర్ కటింగ్‌లు వెతికాను. పసుపుపచ్చగా మారి, మడతల దగ్గర చిరిగిపోతున్నాయి. అంకెలు మాత్రం చదవొచ్చు. 196, 0, 205.

మర్నాడు చేత్తో మూడు పేజీలు రాసుకుని కోర్టు రోడ్డుకు వెళ్లాను.

మొదట వెళ్లింది వేపచెట్టు షాపుకు కాదు. వరుసలో మొదట్లో ఏసీ ఉన్న పెద్ద షాపుకు వెళ్లాను. అక్కడాయన నా కాగితాలు తీసుకుని మొదటి పేరా చదివి, తిప్పి నా చేతిలోనే పెట్టాడు. "కోర్టు ముంగట దుకాణం పెట్టుకుని జడ్జీల మీద లెటర్లు కొట్టలేం మేడం. మా బతుకు గిదే" అన్నాడు. మర్యాదగానే అన్నాడు, ఆ మాట కూడా చెప్పాలి. రెండో షాపులో అయితే కాగితం ముట్టుకోనే లేదు.

వేపచెట్టు షాపు ఓనరుకు యాభై దాటి ఉంటాయి. ఒకప్పుడు ఈ చెట్టు కిందే రెమింగ్టన్ మిషను పెట్టుకుని పిటిషన్లు కొట్టేవాడట. ఇప్పుడు రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, కరెంటు పోతే కూయ్ మని అరిచే ఒక యూపీఎస్. ఆయనా చదివాడు. చదివి గడ్డం గీరుకున్నాడు.

"మేడం, గిది కోర్టు ధిక్కారం కాదు గద? నాకేం లొల్లి రాదు గద?"

నేను సంచిలోంచి రాజ్యాంగం పుస్తకం తీశాను. 121వ అధికరణం తెరిచి చూపించాను. న్యాయమూర్తుల నడవడి గురించి పార్లమెంటులో కూడా చర్చించకూడదు, ఒక్క తొలగింపు తీర్మానం వచ్చినప్పుడు తప్ప, అని అందులో ఉంది. అంటే మన ఎంపీలకు ఈ విషయం మాట్లాడేందుకు రాజ్యాంగం తెరిచి ఉంచింది ఒక్క తలుపే. ఆ తలుపు తెరుచుకున్న రోజు లోపలికి వెళ్లి మాట్లాడండి, ఓటెయ్యండి అని మాత్రమే నేను అడుగుతున్నాను. ఈ న్యాయమూర్తి తప్పు చేశాడని నా ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. అది తేల్చాల్సింది కమిటీ. నా ఉత్తరం జడ్జి గారికి కాదు, నేను ఓటేసి పంపిన మనిషికి.

ఆయన ఆ పేజీ రెండుసార్లు చదివాడు. వేలు పెట్టి చదివాడు, చిన్న పిల్లల్లాగా, పెదవులు కదుపుతూ. పుస్తకం మూసి లోపలికి కేకేశాడు: "అమ్మాయ్, మేడందీ కొట్టు. మన షాపు పేరు మాత్రం కింద వెయ్యకు."

ఈ ఒక్క సంగతికే ఈ షాపుకు నేను ఐదుకు ఐదు ఇస్తాను. తర్వాత చెప్పబోయే లోపాలన్నీ దాని ముందు చిన్నవే.

ఆపరేటర్ అమ్మాయికి ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. డిగ్రీ అయిపోయింది, గ్రూప్స్‌కు చదువుకుంటోందట. అను అనే తెలుగు డీటీపీ ఫాంట్లలో ఆమె వేళ్లు పరుగెత్తడం చూడాలి. కళ్లు నా చేతిరాత మీదే, తెర వైపు చూడకుండానే వత్తులూ గుడులూ పడిపోతాయి. "క్షో" అనే అక్షరానికి ఎన్ని మీటలు నొక్కిందో నేను లెక్కపెట్టలేకపోయాను. మూడు పేజీల నా రాతను రెండు పేజీలకు సర్ది, ఇరవై నిమిషాల్లో ప్రూఫ్ చేతికిచ్చింది.

ప్రూఫ్ చదవడం మాత్రం మర్చిపోకండి. నా ఉత్తరంలో అసలు మాట "అభిశంసన", అంటే తప్పు మోపి పదవి నుంచి తొలగించడం. ప్రూఫ్‌లో మొదటి వాక్యమే ఇలా పడింది: "న్యాయమూర్తి మీద అభినందన తీర్మానం సభ ముందుకు వచ్చిన రోజున మీరు తప్పక హాజరై ఓటు వేయాలని కోరుతున్నాను." నా గుండె ఆగినంత పనైంది. చేతి అలవాటు అది. ఆ షాపులో అభినందన పత్రాలు, సన్మాన పత్రాలు రోజూ కొడతారు, అభిశంసన ఎవరు కొట్టిస్తారు? అలాంటి తప్పులు మూడు చోట్ల పడ్డాయి. అమ్మాయి నాలుక కరుచుకుని వెంటనే సరిచేసింది. సరిచేస్తూ, "దీన్నే మహాభియోగం అని కూడ అంటరు గద మేడం, మా బుక్కుల అట్లనే ఉన్నది" అని అడిగింది. మంచి ప్రశ్న. ఇంగ్లిష్‌లో ఇంపీచ్‌మెంట్ అన్న మాటను రాజ్యాంగం 61వ అధికరణంలో రాష్ట్రపతికే వాడింది. న్యాయమూర్తుల దగ్గర తొలగింపు అనే ఉంటుంది. పేపర్లలో మాత్రం అందరికీ కలిపి అభిశంసన అనేస్తారు. ఎంపీ గారి పీఏ కూడా చదివేది పేపరే కాబట్టి అభిశంసన అనే ఉంచమన్నాను.

ఉత్తరంలో ఏముందో కొంచెం చెబుతాను, ఎవరైనా ఇలాంటిది రాయాలనుకుంటే పనికొస్తుంది. 1993 లెక్క మొదటి పేరాలోనే పెట్టాను. రెండో పేరాలో 2011 సంగతి. కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి సౌమిత్ర సేన్, లాయరుగా ఉన్న రోజుల్లో కోర్టు నియమించిన రిసీవరుగా, అంటే కేసులో ఉన్న ఆస్తిని చూసుకునే మనిషిగా, తన చేతికొచ్చిన డబ్బును సొంతానికి వాడుకున్నారన్న అభియోగం అది. విచారణ కమిటీకి పెద్ద మన జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డి గారు. 2025 ఉపరాష్ట్రపతి ఎన్నికల్లో పోటీ చేశారు కాబట్టి ఆయన పేరు అందరికీ తెలుసు. రాజ్యసభలో తీర్మానం పెట్టింది సీతారాం ఏచూరి. ఆగస్టు 18న 189 మంది అనుకూలంగా ఓటేశారు. పార్టీలు చూసుకోలేదు. అప్పుడూ అధికారంలో ఉన్నది కాంగ్రెస్సే, 1993లో ఏ పార్టీ అయితే మౌనంగా కూర్చుందో అదే. సేన్ గారు స్వయంగా సభలో నిలబడి తన వాదన వినిపించుకున్నారు కూడా. లోక్‌సభలో ఓటింగ్ దాకా రాకుండానే సెప్టెంబర్ 1న ఆయన రాజీనామా చేశారు. కాబట్టి అది తొలగింపు కింద లెక్కకు రాదు. నా దృష్టిలో మాత్రం సభ తన పని తాను చేసిన రోజు అది.

2018లో ప్రధాన న్యాయమూర్తి దీపక్ మిశ్రా మీద ఇచ్చిన నోటీసును రాజ్యసభ చైర్మన్ హోదాలో వెంకయ్య నాయుడు గారు తిరస్కరించిన విషయం కూడా మొదట రాశాను, తర్వాత కొట్టేశాను. అది గడప దగ్గరే ఆగిపోయింది. నేను అడుగుతున్నది గడప దాటి వచ్చిన రోజు గురించి.

చివరి పేరా ఉన్నదున్నట్టు ఇదీ: "కమిటీ ఆయన తప్పు లేదంటే విషయం అక్కడితో ఆగుతుంది, నాకు సంతోషమే. తప్పుందని తేల్చి తీర్మానం సభకు వస్తే, ఆ రోజు మీరు ఊళ్లో ఉండొద్దు, పెళ్లిలో ఉండొద్దు, సభలో ఉండండి. వాదనలు విన్నాక మీ మనసుకు అవునని తోస్తే అవుననండి, కాదని తోస్తే కాదనండి. రెండింటికీ నేను తలవంచుతాను. తటస్థంగా ఉండే హక్కు మీకు చట్టప్రకారం ఉండవచ్చు. కానీ ఈ లెక్కలో ఓటెయ్యని ప్రతి మనిషీ వద్దన్నవాడి కిందే పడతాడు. వద్దనదలచుకుంటే ఆ మాట మీ పేరుతో అనండి, మేము వింటాం."

తెలంగాణకు లోక్‌సభలో 17 మంది, రాజ్యసభలో ఏడుగురు. మొత్తం 24. మా నియోజకవర్గం ఎంపీకి ఒక్కరికే రాద్దామని వెళ్లాను గానీ, అమ్మాయే అంది, "లిస్టు పెట్టుకుంటే అందరికీ పేర్లు మార్చి ఒకేసారి తీయొచ్చు మేడం" అని. ఎంపీల పేర్లు, ఢిల్లీ అడ్రస్‌లు పార్లమెంటు వెబ్‌సైట్‌లోనే వెతికి ఒక పట్టీ చేసింది. ఒక్క బటను నొక్కింది, పేరు పేరునా 24 ఉత్తరాలు మిషనులోంచి వరుసగా వచ్చాయి. నా సంతకానికి చోటు వదిలి, "గౌరవనీయులైన" అన్న మాట కింద ఒక్కో పేరు. నేను బయట బెంచీ మీద కూర్చుని 24 సంతకాలు చేశాను. పక్కన భూమి కేసుకు వచ్చిన ముసలాయన కాగితాలు ఎగిరిపోకుండా పట్టుకున్నాడు.

ఇక రేట్లు. తెలుగు టైపింగ్ పేజీకి 50, ప్రింటు పేజీకి 5, కవరు మీద అడ్రస్ లేబుల్‌కు 2 రూపాయలు. పేర్లు మార్చినందుకు విడిగా ఏమీ తీసుకోలేదు. మొత్తం 388 అయింది. ఫోన్‌పే ఉంది. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద రాసిచ్చారు, షాపు స్టాంపు వెయ్యలేదు. నా విషయంలో అది సరేగానీ, ఆఫీసులో బిల్లు పెట్టుకోవాల్సినవాళ్లు ముందే మాట్లాడుకోండి.

లోపాలు ఉన్నాయి. పొద్దున పదిన్నరకు అసలు వెళ్లొద్దు. కోర్టు టైముకు అఫిడవిట్ల వాళ్లు మీద పడతారు, లాయర్ల గుమస్తాలకే ముందు పని అవుతుంది. రెండు తర్వాత వెళ్తే కుర్చీ దొరుకుతుంది. లోపల ఫ్యాను ఒక్కటే, అదీ ఆపరేటర్ వైపు తిరిగి ఉంటుంది. జిరాక్స్‌లో ఎడమవైపు సన్నగా నల్లగీత పడుతోంది, నేను చెప్పాక డ్రమ్ము మార్పిస్తానన్నాడు ఓనరు. పోయిన వారం వెళ్తే గీత ఇంకా ఉంది. ఇంకో ముఖ్యమైన విషయం: ఈమెయిల్ కూడా పంపాలనుకుంటే యూనికోడ్‌లో (ఏ ఫోన్‌లోనైనా తెరుచుకునే తెలుగు అక్షరాల్లో) కావాలని మొదటే చెప్పండి. నాకు మొదట ఇచ్చిన ఫైలు నా ఫోన్‌లో తెరిస్తే తెలుగు బదులు ఏవేవో గుర్తులు వచ్చాయి. మళ్లీ వెళ్లి పీడీఎఫ్ చేయించుకున్నాను.

పోస్టాఫీసుకు నేనే వెళ్లాను. రిజిస్టర్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేస్తున్నారని పేపర్లో వచ్చిన రోజులవి. మా ఎంపీ గారిది ఒక్కటి అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు పెట్టి రిజిస్టర్ చేశాను, మిగతావి మామూలు స్టాంపులతో వేశాను. వాటిలో ఒకటి తలుపు తాళం అని రాసి వెనక్కి వచ్చింది. దాన్ని ఈసారి హైదరాబాద్ అడ్రస్‌కు పంపాను. జవాబు ఇంతవరకు ఒక్కరి నుంచీ లేదు. 2025 సెప్టెంబర్‌లో ఇది రాస్తున్నాను. కమిటీ పని ఇంకా అవలేదు కాబట్టి ఎదురుచూస్తాను. తీర్మానం సభకు వచ్చిందంటే ఓటింగ్‌లో ఎవరి పేరు ఎటు ఉందో సభ రికార్డుల్లో అచ్చవుతుంది. ఆ పట్టీ కోసం అదే వేపచెట్టు షాపుకు వెళ్లి ప్రింటు తీయించుకుంటాను.

రిజిస్టర్ చేసినదాని కార్డు మాత్రం తిరిగొచ్చింది. గులాబీ రంగు అట్టముక్క. మీద ఢిల్లీ ముద్ర, ఎవరిదో అర్థం కాని పొట్టి సంతకం. దాన్ని పట్టుకెళ్లి షాపులో చూపించాను. ఓనరు కళ్లద్దాలు పెట్టుకుని ముద్రలో తేదీ చదివాడు. అమ్మాయి కార్డు తీసుకుని తిప్పి చూసి, "మీ ఫైలు డిలీట్ చెయ్యలే మేడం, ఉంచిన" అంది. తర్వాత నన్నేమీ అడగకుండానే కంప్యూటర్ వైపు తిరిగి ఆ ఉత్తరం తెరిచింది. కింద "రిటైర్డ్ టీచర్" అన్నచోట నా పేరు తీసేసి తన పేరు కొట్టింది, "డీటీపీ ఆపరేటర్" అని పక్కన పెట్టింది. ప్రింటు ఇచ్చే ముందు మొదటి వాక్యం దగ్గర ఆగి, తెర మీద వేలు పెట్టి "అ, భి, శం, స, న" అని చూసుకుంది. పేజీ అయిదు రూపాయలూ నేనిస్తానన్నాను. ఓనరు వద్దన్నాడు.